నల్లరాతి మైలురాళ్ళు చూపిన దారి

1751లో ఇద్దరు ఫ్రెంచి మిత్రులు పారిస్ నుంచి దక్షిణంగా ప్రయాణం కట్టారు. ఒకాయన జాఁ ఎతియెన్ గెతార్. చదివింది వైద్యం, మనసంతా మొక్కలమీదా రాళ్ళమీదా. రెండో ఆయన మాల్‌జెర్బ్. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పదహారో లూయీ తరఫున వాదించి, చివరికి తానూ గిలటిన్‌కు బలైన న్యాయకోవిదుడు ఈయనే. మూలాఁ పట్నం దగ్గర దారి పక్కన పాతిన మైలురాళ్ళు గెతార్ కంట పడ్డాయి. నల్లటి రాయి, ఒళ్ళంతా సన్నని బొక్కలు. ఇటలీలో వెసూవియస్ కక్కిన రాళ్ళ నమూనాలు ఆయన ఎరిగినవే. ఏదో అనుమానం తోచి, ఈ రాయి ఎక్కడి నుంచి వస్తోందని అడిగాడు. వోల్విక్ నుంచి అన్నారు. ఇద్దరూ వోల్విక్ వెళ్ళారు. ఆ ఊళ్ళో ఇళ్ళూ అదే రాయి, చర్చీ అదే రాయి. ఊరి వెనక కొండెక్కి చూస్తే పైన గుండ్రటి గుంట, చుట్టూ కాలి చిట్లిన రాతిముక్కలు, కిందికి పారి గడ్డకట్టుకుపోయిన రాతి ప్రవాహం.

1752 మేలో పారిస్ విజ్ఞాన అకాడమీ సభలో గెతార్ ఒక పత్రం చదివాడు. ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న ఈ కొండలు ఒకప్పుడు నిప్పు కక్కిన అగ్నిపర్వతాలేనన్నది దాని సారాంశం. విన్నవాళ్ళకు అది కొత్త కబురు. అంతకుముందు ఎన్నో తరాలు ఆ కొండల నీడలోనే పుట్టి పెరిగాయి. వాటి వాలుమీద గొర్రెలు మేపుకున్నాయి, వాటి రాళ్ళు కొట్టి గోడలు కట్టుకున్నాయి. కాలికింద ఉన్నది ఏమిటన్న ఊహ మాత్రం ఎవరికీ రాలేదు.

ఆ ప్రాంతం పేరు ఓవెర్న్. దాని ముఖ్యపట్టణం క్లెర్మోఁ ఫెరాఁ. టైర్ల కంపెనీ మిషెలిన్ పుట్టిన ఊరు అంటే చాలామందికి గుర్తుపట్టడం తేలిక. ఊరికి పడమరగా ఉత్తర దక్షిణాలు బారులు తీరి, ముప్ఫై రెండు కిలోమీటర్ల పొడవున సుమారు 80 అగ్నిపర్వతాలున్నాయి. అన్నిటికన్నా ఎత్తయినది ప్యూయి ద దోమ్, 1,465 మీటర్లు. ఈ కొండల్లో చాలావాటికి ఒక ప్రత్యేకత ఉంది. ఒకే ఒక్కసారి బద్దలై, కొన్ని వారాలో నెలలో నిప్పు చిమ్మి, ఆ తరవాత మళ్ళీ నోరు తెరవలేదు. భూమి అడుగున మళ్ళీ కదలిక వస్తే కొత్తచోట దారి చేసుకుని కొత్త కొండ లేచింది. అందుకే అన్ని కొండలు, అంత దగ్గర దగ్గరగా. వీటిలో కడపటివి పేలి సుమారు ఎనిమిదిన్నర వేల ఏళ్ళయింది. భూమి వయసుతో పోలిస్తే అది నిన్నా మొన్నటి మాట. వేటాడి బతికే మనుషులు ఆ మంటలు దూరం నుంచి చూసే ఉంటారు.

ప్యూయి ద దోమ్ కొండకు విజ్ఞాన చరిత్రలో ఇంకో పెద్ద పేరుంది. గాలికి బరువుందని లోకానికి రుజువు చూపిన కొండ అది. బ్లేజ్ పాస్కల్ క్లెర్మోఁలోనే పుట్టాడు. గాజుగొట్టంలో పాదరసాన్ని నిలబెట్టి ఉంచేది బయటి గాలి బరువేనని అతని నమ్మకం. అదే నిజమైతే ఎత్తుకు పోయేకొద్దీ పైనుండే గాలి తగ్గుతుంది, పాదరసమూ దిగాలి. అప్పుడు తాను ఊళ్ళో లేడు. కొండెక్కే పని బావగారైన ఫ్లోరాఁ పెరియేకి అప్పగించాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే, ఊరి పెద్దలు కొందరు కలిసి ఒక గొట్టాన్ని కింద మఠం తోటలో పెట్టి, దాన్ని రోజంతా కనిపెట్టి ఉండమని ఒక సన్యాసిని కూర్చోబెట్టారు. రెండో గొట్టం పట్టుకుని కొండెక్కారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు తేడా. పైన పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగింది. పెరియేకి అంతటితో తృప్తి కలగలేదు. శిథిలమైన చిన్న ప్రార్థనా మందిరంలో ఒకసారి, ఆరుబయట ఒకసారి, గాలి వీచేచోట, మంచు కమ్మినప్పుడు, ఇలా చోటు మార్చి మార్చి కొలిచాడు. ప్రతిసారీ అదే కొలత. సాయంత్రం దిగివస్తే, కింది గొట్టంలో పాదరసం పొద్దుటి గీత దగ్గరే ఉందని సన్యాసి చెప్పాడు. ప్రయోగం ఎలా చెయ్యాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఆ రోజు వాళ్ళు నిలబడింది అగ్నిపర్వతం నెత్తిన. ఆ సంగతి బయటపడటానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ శిఖరానికి పళ్ళచక్రాల రైలు వెళుతుంది. 2012లో మొదలైంది, పావుగంట ప్రయాణం. నడిచే ఓపికున్నవాళ్ళకు రోమన్ల నాటి కాలిబాట ఉంది. మెలికలు తిరుగుతూ అడవి దాటి బోడివాలు మీదికి తేలుతుంది. పైన రెండో శతాబ్దపు మెర్క్యురీ దేవుడి ఆలయం శిథిలాలున్నాయి. వాతావరణ పరిశోధనశాల కోసం 1870లలో పునాదులు తవ్వుతుంటే బయటపడింది ఆ గుడి. శిఖరం చుట్టూ తిరిగి చూస్తే మిగతా కొండలన్నీ కింద వరసగా కనిపిస్తాయి. కొన్నిటి నెత్తిన గుంటలున్నాయి. ప్యూయి ద దోమ్ మీద గుంట లేదు. ఇక్కడి లావా చిక్కటిది, పారలేక పుట్టినచోటే పేరుకుని గుమ్మటమైంది. పక్కనే పారియూ. పల్చటి లావా తుంపరలుగా ఎగిరి, చుట్టూ రాలి, నడుమ లోతైన బిలం వదిలిన కొండ. రెండు రకాలూ ఒకే చూపులో అందడం ఈ చోటి భాగ్యం. ఒకటే ఇబ్బంది, ఆ శిఖరాన్ని మంచు తరచుగా మూసేస్తుంది. పొద్దున్నే ఆకాశం చూసుకుని బయల్దేరాలి.

పారియూ ఎక్కేవాళ్ళు కొయ్యమెట్ల మీదుగానే వెళ్ళాలి. కొండంతా వదులు రజను, వేలమంది పాదాలు పడితే వాలు జారిపోతుంది. ఇంకో చిక్కూ ఉంది. మేత ఆగిపోయినచోట చెట్లూ తుప్పలూ కమ్ముకుని కొండ ఆకారమే కనిపించకుండా పోతోంది. అందుకని అక్కడ గొర్రెల మందల్ని మళ్ళీ తోలుతున్నారు. అగ్నిపర్వతం రూపం చెడకుండా కాపాడుతున్నది గొర్రెలు, కాపరులూను! యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఈ కొండలవరస 2018లో చేరింది. అంతకుముందు 2014లోనూ 2016లోనూ దరఖాస్తు వెనక్కి వచ్చింది. మూడోసారికి పట్టు నెగ్గింది. కొండలతోపాటు వాటిని ఆనుకుని ఉన్న లిమాన్య్ భ్రంశాన్ని కూడా జాబితాలో చేర్చారు. ఆల్ప్స్ పర్వతాలు లేస్తున్న కాలంలో ఇక్కడి నేల సాగి చీలింది, ఒకపక్క కుంగింది. ఆ చీలికే తరవాత లావాకు దారి అయింది.

అన్నిటిలోకీ తప్పకుండా చూడాల్సింది లాంతెజీ.

ఇది మ్యూజియంగా కట్టింది కాదు, రాళ్ళు తవ్విన క్వారీ. సుమారు ముప్ఫై వేల ఏళ్ళనాటి చిన్న అగ్నిపర్వతం. రెండో ప్రపంచయుద్ధం తరవాత దీన్ని యంత్రాలతో తవ్వి, బొక్కల బొక్కల తేలిక కంకరను దశాబ్దాలపాటు లారీలకు ఎత్తారు. ఇటుకలకూ, చలికాలం రోడ్లమీద జారకుండా చల్లడానికీ అది పనికొస్తుంది. మెత్తటిది పోయింది, గట్టిది పనికిరాదని మిగిలింది. మిగిలిన ఆ గట్టిదే అగ్నిపర్వతం అస్థిపంజరం. అంటే ఎనభై కొండల్లో ఒకదాన్ని పైనుంచి కాదు, కడుపులోంచి చూడొచ్చు. 1990ల మొదట్లో జనాన్ని రానిచ్చారు. తవ్వకం మాత్రం 2007 దాకా సాగింది.

క్వారీ అడుగున నిలబడితే చుట్టూ నిలువెత్తు గోడలు. పుచ్చకాయ కోసి పెట్టినట్టు ఎరుపూ నలుపూ చారలు. లావా పైకి వచ్చిన గొట్టం దగ్గర ముక్కలు ఎక్కువసేపు కణకణలాడుతూ గాలి తగిలి, అందులోని ఇనుము తుప్పెక్కి ఎరుపుదేరాయి. దూరంగా రాలి తొందరగా చల్లారినవి నల్లగా ఉండిపోయాయి. చారలు ఏటవాలుగా ఉంటాయి, ఎందుకంటే అవి రాలింది కొండవాలు మీద. ఏ చారలో ముక్కలు పెద్దవో, ఆ వేళ పేలుడు ఉద్ధృతం. సన్నని బూడిద పొర ఉన్నచోట, పొరుగు కొండ పేలి ఇటు దుమ్ము పోసింది. అక్కడక్కడా గోడలోంచి పొడుచుకొచ్చిన లావా గుండ్లు కనిపిస్తాయి. గాల్లో గిర్రున తిరుగుతూ గట్టిపడటంవల్ల రెండు చివరలూ సన్నబడి, నడుమ ఉబ్బి ఉంటాయి. చిన్నవి పిడికిట్లో పడతాయి, పెద్దవాటిని ఇద్దరు మనుషులు కూడా కదపలేరు. నల్లటి నిలువు గోడ ఒకటి చారలన్నిటినీ చీల్చుకుని పైకి పోతుంది. అదే లావా ఎక్కివచ్చిన దారి, దారిలోనే చల్లారిపోయిన లావా. పాఠ్యపుస్తకంలోని అగ్నిపర్వతం అడ్డుకోత బొమ్మ గీయని విద్యార్థి ఉండడు. ఆ బొమ్మలోని ప్రతి గీతా ఇక్కడ చేత్తో తాకి చూడొచ్చు.

చేత్తో తాకడం అన్నది ఈ శాస్త్రంలో చిన్న విషయం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో నల్లటి బసాల్టు రాయి ఎలా పుట్టిందన్న మాటమీద యూరప్ పండితులు రెండు వర్గాలై కొట్లాడుకున్నారు. ఆదిసముద్రం అడుగున పేరుకున్న మడ్డే గట్టిపడి బసాల్టు అయిందని జర్మనీలో వెర్నర్ బోధించేవాడు. అతని మాటకు ఎంతో గౌరవం. అంతెందుకు, ఓవెర్న్ కొండల్ని అగ్నిపర్వతాలుగా పోల్చిన గెతార్ కూడా బసాల్టు నీళ్ళలోనే పుట్టిందన్నాడు. ఈ ముడి విప్పినవాడు నికొలా దెమరే. 1763లో క్లెర్మోఁ దగ్గర ఆరుపలకల బసాల్టు స్తంభాలు చూశాడు. అవి చూసి ఊరుకోలేదు, ఆ రాతిపొర ఎక్కడిదాకా పోతుందో వెంబడించాడు. అది లావా ప్రవాహంలో కలిసింది, ప్రవాహం కొండదాకా వెళ్ళింది. కళ్ళెదుట కొసా మొదలూ దొరికాక ఇక వాదమేముంది? ఎవరైనా మళ్ళీ తగవుకు వస్తే, వెళ్ళి చూసుకోమని మాత్రం చెప్పేవాడట. వెర్నర్ శిష్యుల్లో పేరుమోసిన లియోపోల్డ్ ఫాన్ బుఖ్ 1802లో ఓవెర్న్ వచ్చి చూసి, గురువు మాటమీద నమ్మకం సడలి వెనుదిరిగాడు. ఆ తరవాత ఇంగ్లండు నుంచి స్క్రోప్, లైయెల్, మర్చిసన్ వచ్చారు. భూగర్భశాస్త్రం నేర్చుకునేవాళ్ళకు ఓవెర్న్ యాత్రాస్థలమైంది.

లాంతెజీకి ఎదురుగానే అగ్నిపర్వతాల గురించి చెప్పే వినోద కేంద్రం వుల్కానియా ఉంది. 2002 ఫిబ్రవరిలో తెరిచారు. ఇది పూర్తిగా వేరే తరహా. దీని ఆలోచనలో అగ్నిపర్వతాల వెంట ప్రపంచమంతా తిరిగిన మోరీస్, కాత్యా క్రాఫ్ట్ దంపతుల పాలు ఉంది. పేలుతున్న కొండల దగ్గరికి వెళ్ళి తీసిన ఫిలింతో జనానికి ప్రమాదం గురించి బోధించినవాళ్ళు వాళ్ళు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ కొండమీద నుంచి దూసుకొచ్చిన వేడి బూడిద మేఘంలో ఇద్దరూ చనిపోయారు. అదే ప్రమాదంలో మొత్తం 43 మంది ప్రాణాలు పోయాయి. వుల్కానియాను వాళ్ళు చూడలేదు. ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాఁ పట్టుబట్టి కట్టించాడు. ఖర్చుమీదా, కొండల మధ్య ఇంత కట్టడం ఏమిటనీ పెద్ద గొడవే జరిగింది. ఆస్ట్రియా వాస్తుశిల్పి హాన్స్ హొల్లైన్ భవనాన్ని పైకి లేపకుండా లావా నేలలోకి దించాడు. బయటికి కనిపించేది నల్లరాతి శంకువు ఒకటి, లోపలివైపు బంగారురంగు. ఊగే కుర్చీలూ, కదిలే తెరలూ, భూకంపాన్ని తలపించే వేదికలూ పిల్లలకు పండగే. అయితే వుల్కానియాకు ఒక రోజంతా ఇచ్చి లాంతెజీకి గంటన్నా కేటాయించని యాత్రికుడు చాలా నష్టపోతాడు. తెరమీది లావా ఎంత ఎర్రగా ఉన్నా అది బొమ్మే. వరస కూడా ముఖ్యం. ముందు క్వారీ గోడ చూసి, తరవాత సినిమా చూస్తే ఆ సినిమా కూడా బాగా అర్థమవుతుంది.

గెతార్‌కు దారి చూపిన రాయి సంగతికి వస్తే, అది ఇప్పటికీ ఊరూరా కనిపిస్తుంది. క్లెర్మోఁ నడుమ కెథడ్రల్ ఉంది. 1248లో పని మొదలైంది. మొత్తం వోల్విక్ రాయి, పునాది నుంచి జంట శిఖరాల దాకా నలుపే. మామూలుగా ఇలాంటి పెద్ద చర్చిలు తెల్లటి సున్నపురాతితో వెలుగుతుంటాయి, ఇది వానలో తడిస్తే మరీ చిక్కనవుతుంది. నలుపు మూలంగా దిగులుగా ఉంటుందని అనేవాళ్ళున్నారు. దగ్గరికి వెళ్ళి స్తంభాలు చూస్తే ఆ మాట నిలవదు. ఈ రాయి గట్టిది కాబట్టి స్తంభాలు సన్నగా, ఎత్తుగా నిలబెట్టగలిగారు. ఉలికి లొంగుతుంది, భారానికి లొంగదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంకో గుణం కనిపెట్టారు. రాతి పలకమీద ఎనామిల్ పూసి కొలిమిలో కాల్చినా పగలదు. మిషెలిన్ కంపెనీ ఈ పలకలమీదే ఊళ్ళ పేర్లూ దూరాలూ రాసి ఫ్రాన్స్ అంతటా రోడ్లపక్క నిలబెట్టింది. మైలురాయిగా గెతార్ కంటపడిన రాయి, దాదాపు రెండు శతాబ్దాల తరవాత కారుబాటల్లోనూ దారి చూపింది. వోల్విక్ పేరు ఇప్పుడు లోకానికి ఎక్కువగా తెలిసింది నీళ్ళసీసాల మీదుగా. ఆ నీళ్ళు కూడా లావా పొరల్లోంచి వడకట్టుకుని వచ్చినవే.

ఇంకా తీరిక ఉంటే దక్షిణానికి సాగాలి. పావాఁ సరస్సు దారిలోనే ఉంది. నీళ్ళూ మంటా ఒకచోట చేరి పేలిన గుంట అది, 92 మీటర్ల లోతు. అడుగునీరు పైనీటితో ఎన్నడూ కలవదు. అందులో రాయి విసిరితే గాలివాన లేస్తుందని ఆ చుట్టుపక్కల పాతకాలపు నమ్మకం. ఇంకా కిందికి ల ప్యూయి అనే ఊరుంది. అగ్నిపర్వతం గొంతులో గట్టిపడిన లావా, చుట్టూ మట్టి కొట్టుకుపోగా, ఊరిమధ్య సూదిలా మిగిలింది. దాని కొనమీద పదో శతాబ్దంలో సాఁ మిషెల్ ప్రార్థనా మందిరం కట్టారు. 268 మెట్లు. ఆ అగ్నిపర్వతపు నేలలో పండే ఆకుపచ్చ మసూర్ పప్పుకు 1996లో ప్రత్యేక గుర్తింపు దక్కింది, మన తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కినట్టే. ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు పప్పు తినకుండా రాకూడదు.

ఇక తెలుగువాళ్ళు కూడా లావామీదే బతుకుతున్నారు. దక్కను పీఠభూమిని కప్పిన లావా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటిది. ఓవెర్న్ కొండలు దానిముందు పసిగుడ్లు. వికారాబాద్ కొండల కిందా, ఆదిలాబాద్ పొలాల కిందా ఉన్నది ఆ బసాల్టే. పత్తి పండే అక్కడి నల్లరేగడిలో చాలాభాగం ఆ రాయి చివికి పొడి అయినదే. ఆశ్చర్యం గొలిపేది గోదావరి ఒడ్డున ఉంది. రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో లావా పొరలున్నాయి. పడమటి కనుమల వైపు పుట్టిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పాతనదుల లోయల వెంట పారి ఇక్కడికి చేరిందని పరిశోధకులు చెబుతున్నారు. భూమిమీద తెలిసిన అతిపొడవైన లావా ప్రవాహాల్లో ఇవి చేరతాయి. ఒక పొర పారి, మళ్ళీ పొర వచ్చేలోపు సముద్రం చొచ్చుకొచ్చింది. ఆ నడిమి కాలంలో బతికిన నత్తల గుల్లలూ ఆల్చిప్పలూ రెండు లావా పొరల మధ్య సున్నపురాతిలో దొరుకుతాయి.

ఆ క్వారీల్లోంచి రోజూ కంకర తీస్తున్నారు. రోడ్లకూ ఇళ్ళకూ అది కావాలి, దాన్ని ఆపమనడం న్యాయం కాదు. లాంతెజీలో కూడా తవ్వుతూనే చూపించారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలాల్లో తిరుమల శిలాతోరణం ఉంది. అగ్నిపర్వత క్రియతో ముడిపడిన మంగంపేట ముగ్గురాయి పొరలూ ఉన్నాయి. గౌరీపట్నం దగ్గర కూడా ఒక్క గోడను, నల్లరాతి పొర, నడుమ గుల్లల పొర, మళ్ళీ నల్లరాతి పొర తేటగా కనిపించే ఒక్క గోడను, తవ్వకుండా ఉంచవచ్చు. దాని ముందు ఒక కంచె, తెలుగులో నాలుగు మాటలు రాసిన బోర్డు, వివరం చెప్పగల మనిషి ఒకరు ఉంటే చాలు. రాజమహేంద్రవరం నుంచి బడిపిల్లల బస్సు పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగి వచ్చెయ్యగలదు.